వాకిలి ఎవరి పక్కకొచ్చింది?

శ్రావణమాసం వస్తే మా వైపు పల్లెలన్నీ ఉరుకుంద దారి పడతాయి. కర్నూలు జిల్లా పడమటి అంచున, కౌతాళం మండలంలో ఉంది ఉరుకుంద. ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల నుంచే కాక పక్కనున్న కర్ణాటక నుంచి కూడా జనం ఈరన్నస్వామికి మొక్కులు తీర్చుకోవడానికి వస్తారు. మా ఇళ్ళల్లో ప్రతి తరంలోనూ ఒక ఈరన్న, ఒక ఈరమ్మ, ఒక ఉరుకుందమ్మ ఉంటారు.

నాకు పదేళ్ళప్పుడు, 1970ల మొదట్లో, అవ్వతో కలిసి ఉరుకుంద పోయి తిరిగొస్తూ దారిలో చుట్టాల ఊళ్ళో ఒక రాత్రి ఆగాం. ఆ రాత్రి అక్కడ నాటకం. హార్మోనియం మాస్టరు నెలల తరబడి నేర్పిన పద్యాలతో ఊరి మగవాళ్ళే వేస్తున్న కురుక్షేత్రం. రెండు రంగాల మధ్య వేషాలు మార్చుకోవడానికి టైము కావాలి కదా, ఆ సందులో ఒక హాస్యం పెట్టారు. ఆలుమగలు పోట్లాడుకుంటారు. విడిపోదామంటారు. పోవడానికి ఇద్దరికీ ఇంకో ఇల్లు లేదు. దాంతో మొగుడు సుద్దముక్క తెచ్చి మధ్యలో గీత గీస్తాడు. ఇటు నాది, అటు నీది. పొయ్యి పెళ్ళాం వైపు పడింది. జొన్నల గాదె మొగుడి వైపు పడింది. కడవ అటు, చెంబు ఇటు. మంచం సరిగ్గా గీత మీద. పెళ్ళాం వేషం కట్టింది మీసాలు గొరిగించుకున్న ఒక బక్కపలచటి మనిషి. కొంగు దోపుకుని అతను గీత అవతలికి చీపురు విసిరినప్పుడల్లా జనం పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను.

అవ్వ నవ్వలేదు. నా చెవి దగ్గరకు వంగి, "వాకిలి ఎవురి పక్కకొచ్చెనే పాపా?" అని అడిగింది.

అప్పుడు చూశాను. అక్కడ వాకిలంటూ ఏదీ కట్టలేదు. కానీ ఇద్దరూ వచ్చీపోయే సందు మొగుడి వైపే ఉంది. పెళ్ళాం బయటికి పోవాలంటే గీత దాటి, అతని భాగంలోంచి, అతని అనుమతితో పోవాలి. ఆ సంగతి నాటకం వేసినవాళ్ళకు తట్టలేదు. చూసినవాళ్ళకూ తట్టలేదు. మా అవ్వకు తట్టింది.

ఎందుకు తట్టిందో తెలియాలంటే మా ఇంటి గురించి చెప్పాలి. మాది మట్టిమిద్దె. ముందు భాగంలో ఎద్దులు, రెండు మెట్లు ఎక్కితే మనుషులు. వీధివైపు ఒకటే వాకిలి. అవ్వ పెళ్ళికి వాళ్ళ నాయన తోలిచ్చిన జత ఎద్దుల్ని తాత ఆమెకు ఒక మాటైనా చెప్పకుండా అమ్మేశాడు. ఆదోనిలో చేసిన పత్తి బేరంలో అప్పు మిగిలిందట. ఆ రోజు నుంచి అవ్వ వేరే పొయ్యి పెట్టుకుంది. అదే మిద్దె కింద, వెనక గోడ పక్కన. తాత కొన్నాళ్ళు వాళ్ళన్న ఇంట్లో తిన్నాడు, ఆ తర్వాత తనే రొట్టె కొట్టుకోవడం నేర్చుకున్నాడు. "మబ్బు పట్టింది, కట్టెలు లోపలెయ్యమని మీ తాతకు చెప్పుపో" అనేది అవ్వ. తాత మూడడుగుల దూరంలోనే కూర్చుని ఉండేవాడు. "నాకు వినపడిందని చెప్పు" అనేవాడు. మాకు అది ఆట. ఊరికి తమాషా. మా ఇంటికి రెండు పొయ్యిల ఇల్లని పేరు పడింది. ఆ రాత్రి నాటకంలో సుద్దగీత గీసినప్పుడు చుట్టాల్లో కొందరు మా అవ్వ వైపు తిరిగి మరీ నవ్వారని నాకు చాలా ఏళ్ళ తర్వాతగానీ అర్థం కాలేదు.

తర్వాత నాటకాల చరిత్ర చదువుతున్నప్పుడల్లా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఒకే ఇంట్లో కీచులాడుకునే ఆలుమగల హాస్యం ప్రపంచంలో ప్రతి వేదిక మీదా ఉంది. అక్కడ పెళ్ళాం ఎవరు, ఆమె గొంతు ఎవరిది, ఒళ్ళు ఎవరిది, నవ్వు ఎవరి మీద, వాకిలి ఎవరి పక్క? మన తెలుగు వేదిక వరకు ఈ ప్రశ్నలు వేసుకుంటూ పోదాం.

అన్నిటికన్నా ముందు తోలుబొమ్మలాట. రాయలసీమ పల్లెలకు పాతకాలం నుంచీ తెలిసిన ఆట. రామాయణమో భారతమో సాగుతుండగా మధ్యమధ్య జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి పడతారు. మొగుడూ పెళ్ళాలు. తిట్టుకుంటారు, కొట్టుకుంటారు, పచ్చి బూతులాడుకుంటారు, మధ్యలో కేతిగాడు దూరి తగువు పెంచుతాడు. అందరం బంగారక్కను గయ్యాళి పెళ్ళానికి మొదటి నమూనాగా చూస్తాం. నిజమే. కానీ ఒక సంగతి మరచిపోతాం. తోలుబొమ్మలాట కుటుంబమంతా కలిసి ఆడే ఆట. తెరవెనక ఆడపాత్రలకు పాడేదీ మాట్లాడేదీ ఆ ఇంటి ఆడవాళ్ళే. అంటే బంగారక్క నోట వచ్చే తిట్టు నిజంగా ఒక ఆడమనిషి నోటి నుంచే వచ్చేది. పక్కనే బొమ్మ పట్టుకుని నిలబడింది ఆమె మొగుడో మామో అయ్యుండొచ్చు. పగలంతా అనలేని మాట రాత్రి దీపం వెనక బొమ్మను అడ్డం పెట్టుకుని అనడానికి ఆమెకు వీలుండేది. ఒళ్ళు కనిపించదు, గొంతు మాత్రం తనది.

ఈ తోలుబొమ్మల కుటుంబాల నుంచే సురభి నాటక సమాజం పుట్టింది. 1885లో కడప జిల్లా సురభి అనే ఊళ్ళో వనారస గోవిందరావు ఆధ్వర్యంలో ఆడిన 'కీచకవధ'తో మొదలైంది. మన వేదిక మీద ఆడవేషాలు మగవాళ్ళు కడుతున్న రోజుల్లో సురభివాళ్ళు తమ ఇంటి ఆడవాళ్ళ చేతే ఆడపాత్రలు వేయించారు. ఇదొక సంస్కరణ ఉద్యమమని ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. తెరవెనక పాడుతున్న స్త్రీలు తెర ముందుకు వచ్చారు. సమాజమే కుటుంబం, కుటుంబమే సమాజం కాబట్టి వచ్చారు. మన నాటక చరిత్రలో "స్త్రీల ప్రవేశం" అని రాసేటప్పుడు ఈ పేద సంచార కుటుంబాల ఆడవాళ్ళను ఒక వాక్యంలో ముగించి చదువుకున్న మొదటి నటి ఎవరని వెతుకుతాం. ఎందుకో ఆలోచించాలి.

ఇక రెండోవైపు సత్యభామ ఉంది. తెలుగువాళ్ళు అన్నిటికన్నా ఎక్కువసార్లు చూసిన ఆలుమగల తగువు సత్యాకృష్ణులదే. నంది తిమ్మన 'పారిజాతాపహరణం'లో ఆమె కోపం వచ్చి మొగుడి తల తన్నింది. సిద్ధేంద్రయోగి పేరుతో ఉన్న కూచిపూడి 'భామాకలాపం' అంతా ఆమె గర్వమూ విరహమూ చుట్టూ తిరుగుతుంది. తర్వాత 'శ్రీకృష్ణతులాభారం' వచ్చింది. మొగుణ్ణి త్రాసులో పెట్టి తూచడానికి తెగించిన పెళ్ళాం కథ. ఈ సత్యభామ వేషం శతాబ్దాలుగా మగవాళ్ళది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మ, నాటకంలో స్థానం నరసింహారావు ఆ వేషంతోనే జనం గుండెల్లో నిలిచారు. స్థానంవారి చీరకట్టును చూసి ఇంటి ఆడవాళ్ళు నేర్చుకునేవాళ్ళని చెప్పుకుంటారు. వాళ్ళ కళను తక్కువ చేసే పని నాకు లేదు. అయితే ఒకటి గమనించండి. బంగారక్కది ఆడదాని గొంతు, కనిపించని ఒళ్ళు. సత్యభామది కనిపించే ఒళ్ళు, కానీ మగవాడిది. కోపగించిన భార్య ఒళ్ళూ గొంతూ రెండూ ఒకే ఆడమనిషివై మధ్యతరగతి పెద్దమనుషుల ముందు నిలబడడానికి చాలాకాలం పట్టింది.

సత్యభామకు ఇంకొకటి కూడా ఉంది. అలిగినప్పుడు పోయి పడుకోవడానికి కోపగృహం. కైకకూ ఉంది. రాజుల ఇళ్ళల్లో భార్యల కోపానికి ఒక గది కేటాయించారన్నమాట. ఆ గది ఉంది కాబట్టే మొగుడు గుమ్మం దగ్గరకు వచ్చి బతిమాలాలి. ఒకే గది మిద్దెలో కోపగృహం ఎక్కడ పెడతారు? మా అవ్వ వెనక గోడ పక్కన మూడు రాళ్ళు పెట్టి అదే కోపగృహం అంది. అయితే సత్యభామ కోపం కూడా చివరికి ఆమె గర్వభంగంతోనే ముగుస్తుంది. తులసిదళం వేసిన రుక్మిణి గెలుస్తుంది. సవతుల ఇళ్ళు చాలా ఉన్న మొగుడు ఎప్పుడైనా ఇంకో వాకిలి తొక్కగలడు. సత్యభామకు అదొక్కటే వాకిలి.

ఇప్పుడు బళ్ళారి పోదాం. 1953 దాకా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోది, ఎమ్మిగనూరు ఆ తాలూకాలో ఊరు. మద్రాసు రాష్ట్రం. ఆ ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్ళారి మైసూరుకు పోయింది. అంతవరకు మావాళ్ళ పెద్ద కచేరీలన్నీ బళ్ళారిలోనే. పెద్ద నాటకాలూ అక్కడే. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు ఇద్దరూ బళ్ళారి వకీళ్ళే. ఒకరిది సరసవినోదినీ సభ, ఒకరిది సుమనోరమ సభ. ధర్మవరంవారి పేరు నిలబెట్టిన మొదటి నాటకం 'చిత్రనళీయం' ఒక దాంపత్య కథే. ఇల్లే లేని ఆలుమగలు అడవిలో ఒకే గుడ్డ కట్టుకుని ఉంటారు. ఆ గుడ్డను సగానికి చింపుకుని అర్ధరాత్రి లేచిపోయేది నలుడు. దమయంతి నిద్రలో ఉంటుంది. పంపకం చేసేదీ మగవాడే, దారి తొక్కేదీ మగవాడే.

అంతకు కొన్నేళ్ళ ముందు, 1880లో, రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం షేక్స్‌పియర్ 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'ను 'చమత్కార రత్నావళి'గా మార్చి తన విద్యార్థుల చేత ఆడించారు. ఆ మూలంలో ఒక రంగం నాకు చాలా ఇష్టం. భార్య లోపల వేరేవాణ్ణి భర్త అనుకుని భోజనం పెడుతుంటే అసలు భర్త తన ఇంటి తలుపు బాదుతూ బయట నిలబడతాడు. తలుపు తెరుచుకోదు. పొరపాటువల్లే కావచ్చు, కాసేపే కావచ్చు, వాకిలి ఆమె పక్కకు వస్తుంది. అదే షేక్స్‌పియర్ గయ్యాళిని లొంగదీసే మొగుడి నాటకం కూడా రాశాడు. దానికి జవాబుగా జాన్ ఫ్లెచర్ 1611 ప్రాంతంలో ఇంకో నాటకం రాశాడు. ఆ లొంగదీసినవాడు రెండో పెళ్ళి చేసుకుంటాడు. కొత్త పెళ్ళాం మరియా మేడగదిలో చేరి తలుపు గట్టిగా బిగించి, ఊరి ఆడవాళ్ళను తోడు తెచ్చుకుని, షరతులు ఒప్పుకుంటేనే తలుపు తీస్తానంటుంది. 1633లో ఇంగ్లండు రాజుగారి ఎదుట రెండు నాటకాలూ రెండు రోజుల తేడాతో ఆడారు. గయ్యాళిని లొంగదీసిన కథను ఇప్పటికీ అన్ని దేశాల్లో ఆడుతున్నారు. మరియా పేరు మనలో ఎంతమందికి తెలుసు?

1879లో ఇబ్సెన్ 'బొమ్మరిల్లు' వచ్చింది. నోరా తలుపు మూసి వెళ్ళిపోయిన చప్పుడు అందరం విన్నాం. మరుసటి ఏడే జర్మనీలో ఒక నటి పిల్లల్ని వదిలిపోయే తల్లి వేషం వెయ్యనని పట్టుబడితే, నోరా గుమ్మం దగ్గర కూలబడి ఆగిపోయే ముగింపును ఇబ్సెనే రాసివ్వవలసి వచ్చింది. భార్య బయటికి పోయే తలుపంటే అంత భయం.

ఆ గాలి బళ్ళారికీ వచ్చింది. ధర్మవరంవారి మేనల్లుడు తాడిపత్రి రాఘవాచార్యులు, మనం బళ్ళారి రాఘవ అని పిలుచుకునే నటుడు (1880–1946), వృత్తికి వకీలు. పౌరాణికాల్లో దుర్యోధనుడిగా, చారిత్రకాల్లో పఠాన్ రుస్తుంగా పేరు తెచ్చుకున్నాడు. 1928లో యూరప్ చూసి వచ్చాడు. ఆడపాత్రలు ఆడవాళ్ళే వెయ్యాలని పట్టుబట్టాడు. వేదికకు కావలసింది ఇప్పటి ఇళ్ళ కథలని అన్నాడు. తనే 'సరిపడని సంగతులు' అనే నాటకం రాశాడు. 'తెర వెనుక' అని ఇంకొకటి. పి.వి. రాజమన్నారు రాసిన 'తప్పెవరిది'ని 1930 ప్రాంతంలో ఆడించాడు. ఆయన బృందంలో నటించిన కొమ్మూరి పద్మావతీదేవి కథలు కూడా రాసిన రచయిత్రి. చదువుకున్న కుటుంబ స్త్రీ, కోపం వచ్చిన భార్యగా, తన ఒంటితో, తన గొంతుతో, అందరి ముందు నిలబడింది.

ఈ చిన్న మార్పు ఎంత పెద్దదో ఊహించండి. మగవాడు చీర కట్టి చీపురు విసిరితే అది వేషం. మనం నవ్వేది సగం ఆ వేషాన్ని చూసే. నిజంగా ఒక స్త్రీ నిలబడి "ఈ ఇంట్లో నేనెందుకుండాలి?" అనే అర్థం వచ్చేలా మాట్లాడితే జనం పక్కన కూర్చున్న తమ భార్యల వైపు చూసుకోవలసి వస్తుంది. నవ్వు గొంతులో ఆగుతుంది. ఆగాలి కూడా. రాఘవ చుట్టూ వచ్చిన విమర్శల్లో సగం, కుటుంబ స్త్రీలు రంగమెక్కితే ఏమవుతారన్న భయమే. రంగమెక్కిన స్త్రీని చూసి వచ్చిన ఇంటి స్త్రీలు ఏమవుతారన్నది ఆ భయం వెనక ఉన్న అసలు భయమని నాకనిపిస్తుంది.

'తప్పెవరిది' అన్న పేరును ఒక వకీలు పెట్టాడన్నది యాదృచ్ఛికం కాదు. రాజమన్నారు 1948లో మద్రాసు హైకోర్టుకు భారతీయుల్లో మొదటి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. సరిపడని దాంపత్యం కోర్టుకు వస్తే చట్టం అడిగేది ఆ ఒక్క ప్రశ్నే, తప్పెవరిది అని. మా అవ్వ ప్రశ్న వేరు. తప్పు ఎవరిదైనా కానీ, వాకిలి ఎవరిది? ఈ రెండో ప్రశ్న దగ్గరకు చట్టం ఎంత నెమ్మదిగా వచ్చిందో చూడండి. నాటకం ఆగి కోర్టు మొదలైందని అనుకోకండి, ఇదీ అదే నాటకం.

1884లో బొంబాయిలో రఖ్మాబాయి మీద ఆమె భర్త దావా వేశాడు. పదకొండేళ్ళకు పెళ్ళి చేశారు, కాపురానికి రానంది. 1887లో కోర్టు, భర్త ఇంటికి పో, లేదంటే ఆరు నెలలు జైలుకు పో అంది. జైలుకే పోతానంది రఖ్మాబాయి. 1888లో డబ్బిచ్చి రాజీ చేసుకున్నాకగానీ విడుదల దొరకలేదు. తర్వాత ఇంగ్లండులో చదివి డాక్టరై వచ్చింది.

భర్త హింసించినా వదిలేసినా ఇంకో పెళ్ళి చేసుకున్నా, హిందూ భార్య వేరే ఉండి మనోవర్తి అడగవచ్చని 1946లో చట్టం వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో 1949 చట్టం రెండో పెళ్ళిని నిషేధించి, విడాకులకు దారి తెరిచింది. అప్పటికి ఆదోని మద్రాసు రాష్ట్రంలోనే ఉంది కనుక ఈ చట్టం మా అవ్వకూ వర్తించింది. ఆమెకు ఎవరు చెప్తారు? చెప్పినా, ఎద్దులు అమ్ముకోవడాన్ని ఏ సెక్షన్ కింద రాయిస్తుంది?

1955 జనవరిలో 'మిస్సమ్మ' సినిమా వచ్చింది, మే నెలలో హిందూ వివాహ చట్టం వచ్చింది. బెంగాలీ నాటకం 'మన్మయీ గర్ల్స్ స్కూల్' ఆధారంగా తీసిన 'మిస్సమ్మ'లో ఉద్యోగం కోసం మొగుడూపెళ్ళాలమని అబద్ధం చెప్పిన ఇద్దరు ఒకే ఇంట్లో కీచులాడుకుంటారు. ఎన్నిసార్లు చూసినా నవ్వొస్తుంది. మేరీ కోపం, రుసరుసలు, తలుపేసుకోవడాలు మనకు గయ్యాళితనంగా అనిపించవు, ముద్దొస్తాయి. ఎందుకు? సావిత్రి నటన ఒక కారణం. ఇంకో కారణం కూడా ఉంది. మేరీ నిజంగా భార్య కాదు. ఆమెకు చదువుంది, జీతముంది, ఏ నిమిషానైనా పెట్టె సర్దుకుని పోగలదు. ఆ మాట అతనికీ తెలుసు, మనకూ తెలుసు. ఇద్దరికీ వాకిలి ఉన్న ఇంట్లో తగువు హాయిగా నవ్విస్తుంది. నిజం పెళ్ళాం అదే పని చేస్తే, అదే తెలుగు తెర ఆమెను సూర్యకాంతం వేషంలోకి తోసింది.

హిందూ వివాహ చట్టం కూడా చాలాకాలం తప్పు ఎవరిదనే అడిగింది. ఇద్దరూ ఒప్పుకుంటే ఎవరి తప్పూ చెప్పనక్కరలేదని 1976 సవరణతో ఒప్పుకుంది. అందులోనే తొమ్మిదో సెక్షన్ ఉంది. వెళ్ళిపోయిన భాగస్వామిని తిరిగి కాపురానికి రప్పించమని కోర్టును అడగవచ్చు. రఖ్మాబాయి మీద వాడిన ఆయుధమే, జైలు తీసేసి. ఈ సెక్షన్ మీద దేశంలో మొదటి పెద్ద దెబ్బ మన తెలుగు నేల మీదే పడింది. 1983లో సినిమా నటి సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. ఒక స్త్రీ ఎవరితో ఉండాలో, ఎవరి బిడ్డను కనాలో కోర్టు డిక్రీ నిర్ణయించరాదన్నారు. అదే ఏడు ఢిల్లీ హైకోర్టు దానికి ఎదురు తీర్పు ఇచ్చింది. ఇంటి వ్యవహారంలోకి రాజ్యాంగాన్ని తేవడమంటే గాజు సామాన్ల కొట్లోకి ఎద్దును తోలడమేనని పోలిక చెప్పింది. 1984లో సుప్రీంకోర్టు ఢిల్లీ పక్షమే వహించింది. తొమ్మిదో సెక్షన్ బతికిపోయింది. ఆ పోలిక చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మా మిద్దెల్లో ఎద్దులు లోపలే ఉండేవి. పగిలే గాజు సామాను మాత్రం ఎవరింట్లోనూ లేదు. ఇంట్లోంచి ఎద్దులు పోయినప్పుడే మా అవ్వకు నష్టం జరిగింది.

నాటకంలో సుద్దగీతకూ చట్టంలో ఒక సెక్షన్ ఉండేది. 1956 హిందూ వారసత్వ చట్టం కూతురికి వాటా ఇచ్చింది. కానీ ఇరవైమూడో సెక్షన్ ప్రకారం కుటుంబం కాపురముంటున్న ఇంటిని మగ వారసులు పంచుకుంటామంటే తప్ప ఆడ వారసులు పంచమని అడగడానికి లేదు. గీత గీసే సుద్దముక్క మగవాడి చేతిలోనే ఉండాలని అచ్చంగా రాసిపెట్టారు! 2005 సవరణతో ఆ సెక్షన్ పోయింది. అదే ఏడు గృహహింస చట్టం పాసై 2006 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. మొదటిసారి ఒక చట్టం, ఇల్లు ఎవరి పేరు మీదున్నా సరే, ఆమె కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఆమెకు ఉందని పలికింది. రెండు నెలలు తిరక్కుండానే సుప్రీంకోర్టు, అత్తగారి పేరున ఉన్న ఇల్లు కోడలికి ఆ లెక్కలోకి రాదంది. మొగుడి పేరున ఇల్లు లేకుండా చూసుకుంటే చాలన్నమాట. ఆ తీర్పు పొరపాటని సుప్రీంకోర్టే దిద్దుకోవడానికి 2020 అక్టోబరు దాకా పట్టింది. ఆ పద్నాలుగేళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళు సామాను వీధిలో పెట్టుకుని నిలబడి ఉంటారు?

ఇదంతా చదివాక సుద్దగీత హాస్యం మీద నాకు కోపం పోయింది. నవ్వు మనకు శత్రువు కాదు. బంగారక్క తిట్లకు నవ్విన ఆడవాళ్ళు ఊరికే నవ్వలేదు, తమ మాట ఒకరైనా అన్నారని నవ్వారు. కానీ ఇలాంటి నాటకం ఎవరు కొత్తగా రాసినా, ఆడినా, చూసి సమీక్ష రాసినా, మనం ఒక పని చెయ్యాలి. వేదిక మీద వాకిలి ఎటుందో చూడాలి. పోవడానికి చోటు లేని మనిషి కోపం మీద నవ్విస్తున్నారా, పోగలిగి కూడా ఉండి పోట్లాడుతున్న ఇద్దరి మీద నవ్విస్తున్నారా? రెండూ కామెడీలే. రెండూ ఒకటి కాదు.

మా అవ్వ సంగతి చెప్పి ముగిస్తాను. ఆ ఉరుకుంద ప్రయాణం తర్వాత వచ్చిన ఎండాకాలంలో, సుగ్గికి పోయి పత్తి ఏరి తెచ్చుకున్న కూలి డబ్బుల్తో, ఆమె మేస్త్రీని పిలిచి తన పొయ్యి పక్క గోడకు ఒక వాకిలి కొట్టించింది. చిన్నది. పెద్దవాళ్ళు తల వంచి పోవాలి. తాత అరిచాడు, మిద్దె కూలుతుందన్నాడు. ఊరు ఇంకోసారి నవ్వింది. "రెండు పొయ్యిల ఇల్లు" పోయి "రెండు వాకిళ్ళ ఇల్లు" అయ్యింది.

ఆ వాకిట్లోంచి ఆమె ఎక్కడికీ వెళ్ళిపోలేదు. నీళ్ళకు పోయింది, కూలికి పోయింది, సాయంత్రం అమ్మలక్కలతో అరుగు మీద కూర్చుంది, తిరిగొచ్చింది. తాతతో మాత్రం నేరుగా మాట్లాడడం మొదలుపెట్టింది. తిట్లే. ఆయనా తిట్టేవాడు. మేం పిల్లలం నవ్వేవాళ్ళం, అప్పుడప్పుడూ అవ్వ కూడా తిడుతూ తిడుతూ ఆపుకోలేక నవ్వేసేది. ఎద్దుల మాట మాత్రం చచ్చేదాకా మరవలేదు. ఒక సాయంత్రం తాత వీధి వైపు నుంచి చుట్టూ తిరిగి వచ్చి, ఆ చిన్న వాకిలి దగ్గర తల వంచి నిలబడి, "రొట్టె ఉందా?" అని అడగడం నేను చూశాను.

"ఉంది. చెప్పులు బయట ఇడిసి రా" అంది అవ్వ.